ఆటల సంబరం పక్కన కళల సంబరం: మీ ప్రాంతపు కార్యక్రమాన్ని నడపడం ఎలా?

“పెద్ద క్రీడోత్సవం వస్తోంది. మా ప్రాంతంలో కళా కార్యక్రమాలు చూసుకోమని నాకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అడిగేవాళ్లలో చాలామంది నాటకాలు ఆడించినవాళ్లో, కచేరీలు పెట్టినవాళ్లో. కార్యక్రమం చేయడం వాళ్లకు కొత్తేమీ కాదు. కొత్తది ఏమిటంటే, ఈసారి పక్కనే ఒక ఏనుగు నడుస్తుంటుంది. దాని దారి, దాని టైము, దాని బందోబస్తు అన్నీ ముందే ఖాయమై ఉంటాయి. మీ కోసం అది ఆగదు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఆటల పక్కన కళలు ఉండాలన్నది పాత ఆలోచనే. 1912 స్టాక్‌హోమ్ నుంచి 1948 లండన్ దాకా ఒలింపిక్స్‌లో వాస్తుకళ, సాహిత్యం, సంగీతం, చిత్రకళ, శిల్పకళలకు పతకాలు కూడా ఇచ్చారు. తర్వాత పోటీలు పోయి ప్రదర్శనలు మిగిలాయి. ఇప్పుడు ఒలింపిక్స్ నియమావళి అయిన ఒలింపిక్ చార్టర్ ప్రకారం నిర్వాహక కమిటీ సాంస్కృతిక కార్యక్రమం పెట్టి తీరాలి. కనీసం క్రీడాగ్రామం తెరిచి ఉన్నన్నాళ్లూ అది నడవాలి. బార్సిలోనా 1988లోనే మొదలుపెట్టి 1992 దాకా నాలుగేళ్లు నడిపింది. లండన్ 2012కి దేశమంతటా ప్రాంతానికొక ప్రోగ్రామర్‌ని, అంటే అక్కడి కళా కార్యక్రమాలు చూసే మనిషిని, పెట్టారు. మీకు వచ్చిన పని ఇంచుమించు వాళ్లదే.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

- మీ అధికారం ఎంతవరకో చెప్పే ఒక లేఖ, సంతకంతో సహా
- మీ ప్రాంతపు మ్యాపు. ఆటల వేదికలు, స్టేషన్లు, ఆస్పత్రులు, ఖాళీ మైదానాలు గుర్తుపెట్టినది
- ఆటల పూర్తి షెడ్యూలు. తుది షెడ్యూలు రాకపోతే ఉన్నంతవరకు
- డబ్బు లెక్క: చేతికి వచ్చినది, మాట ఇచ్చినది, ఆశ పెట్టుకున్నది. మూడూ వేర్వేరు గడుల్లో
- కనీసం నలుగురు మనుషులు: కార్యక్రమాలు చూసేవారు, సాంకేతిక ఏర్పాట్లు చూసేవారు, డబ్బు–ఒప్పందాలు చూసేవారు, జనంతో మాట్లాడేవారు

నాలుగో మనిషిని చాలామంది చివర్లో తీసుకుంటారు. మొదటే తీసుకోండి.

1. ఎవరి మాట చెల్లుతుందో రాతలో తీసుకోండి

డైరెక్టర్ అని పేరిచ్చి, డబ్బు మాత్రం ఇంకొకరి దగ్గర పెట్టడం మామూలే. లండన్ 2012 సాంస్కృతిక కార్యక్రమాల్లోనూ నిర్వాహక కమిటీ ఒక్కటే ఖర్చు పెట్టుకోలేదు. లాటరీ నిధులు, కళలకు నిధులిచ్చే ఆర్ట్స్ కౌన్సిళ్లు, లెగసీ ట్రస్ట్ యూకే అనే నిధి లాంటి చోట్ల నుంచి డబ్బు కూడింది. అంటే డైరెక్టర్ పనిలో సగం పదిమందిని ఒక మాట మీదికి తేవడమే.

అందుకే మొదటి సమావేశంలోనే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు సంతకం పెడితే డబ్బు కదులుతుంది? ఒక ప్రదర్శన వద్దనే హక్కు ఎవరికి ఉంది? ఆఖరి నిమిషంలో ఆపాల్సి వస్తే ఆ నిర్ణయం ఎవరిది? “అది అప్పుడు చూద్దాంలెండి” అన్నారంటే జవాబు రాలేదనే అర్థం. ఆ సాయంత్రమే సమావేశంలో అనుకున్నవి రాసి పంపి, “ఇలాగే అర్థం చేసుకున్నాం, తేడా ఉంటే చెప్పండి” అని అడగండి. తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది. లేకపోతే ఆ కాగితమే రేపు మీకు ఆధారం.

2. ఆటల్ని తీసేసి చూడండి

ప్రతి ప్రతిపాదనకూ ఈ పరీక్ష పెట్టండి: ఆ క్రీడోత్సవం లేకపోయినా మీ ప్రాంతం వాళ్లు ఇది చూడ్డానికి వస్తారా? రారనిపిస్తే పక్కన పెట్టండి. పరుగు పెట్టే మనిషి బొమ్మ, ఐదు రంగుల రింగుల నాట్యం లాంటివి కమిటీ సమావేశంలో చప్పట్లు కొట్టించుకుంటాయి. మైదానంలో నిజమైన పరుగే చూసినవాళ్లు ఆ బొమ్మ కోసం ఎందుకు వస్తారు?

పరీక్షలో నెగ్గినవి ఎలా ఉంటాయో రెండు ఉదాహరణలు. 2012 జూలై 27 ఉదయం 8 గంటల 12 నిమిషాలకు మార్టిన్ క్రీడ్ అనే కళాకారుడు బ్రిటన్ అంతటా మూడు నిమిషాల పాటు గంటలు మోగించమన్నాడు. చర్చి గంటైనా, సైకిల్ బెల్లయినా, తలుపు గంటైనా సరే. టికెట్ లేదు, ప్రయాణం లేదు, వేదిక లేదు. ఆటలు జరిగే నగరానికి ఎంత దూరాన ఉన్నవాళ్లైనా అందులో కలవొచ్చు. ప్రాంతీయ కార్యక్రమానికి కావాల్సింది సరిగ్గా ఇదే. ఇంకొకటి అన్‌లిమిటెడ్. వైకల్యం ఉన్న కళాకారులతో కొత్త కళాకృతులు చేయించిన పథకం అది. పారాలింపిక్స్ ఊపులో పుట్టింది కానీ వాళ్ల కళకు దొరకాల్సిన చోటు అనే అసలు కారణం ఆటలకు బయటే ఉంది. అందుకే 2012 తర్వాత కూడా నడిచింది.

3. మూడు వరసల కాలపట్టీ గీయండి

ఈ గైడులో ఒక్క అంశం మాత్రమే పాటిస్తానంటే దీన్ని పాటించండి.

గోడ మీద పెద్ద కాగితం అతికించండి. పై వరస ఆటలది: జట్లు దిగే రోజులు, ప్రారంభోత్సవం రిహార్సల్స్, జ్యోతి పరుగు, రోడ్లు మూసే గంటలు, పతకాల పోటీలు, ముగింపు. నడి వరస మీ ప్రాంతానిది: బడి పరీక్షలు, సెలవులు, ఏటా జరిగే ఉత్సవాలు, వాన కాలం. కింది వరస మీది. మూడూ ఒకే కాగితం మీద నిలువుగా సరిపోలేలా ఉండాలి. కంప్యూటర్‌లోనూ పెట్టుకోండి, కానీ గోడ మీది కాగితం తీయకండి. గదిలోకి వచ్చిన ప్రతివాడూ దాని ముందు నిలబడి ఏదో ఒక తప్పు పడతాడు. మనకు కావాల్సింది అదే.

ఇప్పుడు ప్రారంభోత్సవం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కొత్తగా తయారుచేయించే కళాకృతులకు కళాకారుల ఎంపిక రెండేళ్ల ముందు. పెద్ద ప్రదర్శనల ఒప్పందాలు ఏడాదిన్నర ముందు. స్థలాలు, అనుమతుల దరఖాస్తులు, కళాకారులకు గదులు ఏడాది ముందు. స్టేజీలు, జనరేటర్లు, బారికేడ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, సెక్యూరిటీ మనుషులు కూడా ఆ ఏడాది ముందు జాబితాలోనే ఉండాలి. కారణం చిన్నది: వాటిని అద్దెకిచ్చేవాళ్లందరినీ ఆటలు ముందే పట్టేసుకుంటాయి. మిగిలినవి రెట్టింపు అద్దెకు వస్తాయి, లేదా అసలు రావు. ఆరు నెలల ముందు కార్యక్రమం ప్రకటించండి. ఆఖరి మూడు నెలల్లో కొత్తది ఏదీ చేర్చొద్దు. ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

ఏ రోజుల్లో పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీ పెద్ద కార్యక్రమాన్ని పోటీలు జోరుగా నడిచే రోజుల్లో పెట్టొద్దు. జనం ఇళ్లల్లో టీవీల ముందు ఉంటారు, విలేకరులు మైదానంలో ఉంటారు. 2012 ఆటల రోజుల్లో లండన్‌లోనే చాలా మ్యూజియాలకు, చూడదగ్గ స్థలాలకు జనం తగ్గిపోయారు. దీనికి మంచి ప్రత్యామ్నాయాలు మూడున్నాయి.

- జ్యోతి మీ ఊరికి వచ్చే రోజు. 2012లో అది 70 రోజులు తిరిగింది, 8,000 మంది మోశారు. ఆ రోజు జనం ఎలాగూ రోడ్డు మీదే ఉంటారు. జ్యోతి వెళ్లాక అరగంటలో మొదలయ్యే కార్యక్రమం పెట్టండి.
- ఒలింపిక్స్‌కీ పారాలింపిక్స్‌కీ మధ్య ఖాళీ. 2012లో ఆగస్టు 12న ఒకటి ముగిస్తే 29న రెండోది మొదలైంది. మధ్యలో రెండు వారాలు.
- ఆటలకు ముందు నెల. ఉత్సాహం పెరుగుతుంటుంది, పోటీ ఉండదు.

మీ చేతికి ఆరు నెలలే ఇచ్చారా? అయితే కొత్త కళాకృతుల మాటే ఎత్తకండి. ఇప్పటికే తయారైన ప్రదర్శనల్ని ఊరూరా తిప్పండి, ఏటా జరిగే ఉత్సవాలకు అదనపు డబ్బిచ్చి వాటినే పెద్దవి చేయండి. అదేం చిన్నతనం కాదు.

4. పేరు, లోగో: ఇక్కడే చేయి కాలుతుంది

పోస్టర్ వేయకముందే ఆటల బ్రాండ్ నియమాలు చదవండి. రింగులు, మస్కట్, ఆటల పేరు మీరు అనుకున్నట్టు వాడుకోలేరు. బ్రిటన్ 2006లో చేసిన చట్టం “గేమ్స్”, “2012” లాంటి మాటల్ని “గోల్డ్”, “సమ్మర్”, “లండన్” లాంటి మాటలతో కలిపి వ్యాపార ప్రచారంలో వాడటాన్ని కూడా కట్టడి చేసింది. మాటలే కదా అనుకోవద్దు.

అసలు చిక్కు స్పాన్సర్లతో వస్తుంది. ఆటలకు అధికారిక స్పాన్సర్లు ఉంటారు. మీ ఊరి వ్యాపారి వాళ్లకు పోటీదారైతే అతని పేరూ, ఆటల లోగో ఒకే పోస్టర్ మీద ఉండటం కుదరదు. లండన్ 2012 దీనికి ‘ఇన్‌స్పైర్ మార్క్’ అని ప్రత్యేక గుర్తు తయారుచేసింది. వాణిజ్య స్పాన్సర్లు లేని ప్రాజెక్టులకే దాన్ని ఇచ్చారు. మీరూ మొదటే తేల్చుకోండి: ఆటల గుర్తు కావాలా, స్థానిక స్పాన్సర్ డబ్బు కావాలా? నన్నడిగితే చిన్న ప్రాంతాలకు డబ్బే మేలు. కార్యక్రమానికి సొంత పేరు పెట్టుకుంటే ఆటలయ్యాక కూడా ఆ పేరు మీకే ఉంటుంది.

హెచ్చరిక: కళాకారులకు కూడా ఈ నియమాలు ఒక పేజీలో రాసి ఇవ్వండి. బట్టల మీద, వాద్యాల మీద ఉన్న కంపెనీ పేర్లే చివరి రోజు గొడవ తెచ్చిపెడతాయి. నల్ల టేపు చుట్టలు నాలుగు ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి.

5. తక్కువ ఎంచుకోండి

జాబితాలో నలభై కార్యక్రమాలు ఉంటే కమిటీకి ముచ్చటగా ఉంటుంది. నడపాల్సింది మీరు. ఒక పెద్దది, నాలుగైదు మధ్యరకాలు, మిగతాది ఊళ్లవాళ్లు సొంతంగా చేసుకునే చిన్న పనులకు సాయం. ఈ లెక్క చాలు.

ఆ పెద్దదాన్ని ఎంచుకునేటప్పుడు “ఇది ఇంతకుముందు ఎక్కడైనా ఇదే కొలతలో పనిచేసిందా?” అని అడగండి. 2012 కోసం ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో ఆకాశంలోకి లేచే పొగమంచు స్తంభం ఒకటి తలపెట్టారు. బొమ్మలో అద్భుతంగా ఉంది. డబ్బు భారీగానే కేటాయించారు. ఆ స్తంభం అనుకున్నట్టు లేవనే లేదు. ప్రయోగం చేయొద్దని కాదు నేననేది. ప్రయోగానికి ముందు చిన్న నమూనా చేయించి, దాన్ని గాలిలో, వానలో, రాత్రిపూట చూశాకే మిగతా డబ్బు విడుదల చేయండి. నమూనా ఖర్చు దండగ అనిపిస్తే పూర్తి ఖర్చు ఎంత దండగవుతుందో ఊహించుకోండి.

6. ఒప్పందం: వాయిదా గురించి ఒక పేరా తప్పదు

పారితోషికం, తేదీలు, ప్రయాణం, బస అందరూ రాస్తారు. మర్చిపోయేది వాయిదా. టోక్యో 2020 ఆటలు 2021 జూలైకి వెళ్లాయి, అదీ చాలావరకు ప్రేక్షకులు లేకుండా. తేదీ మారితే కళాకారుడు ఖాళీగా లేకపోతే ఏమిటి? అప్పటికే తయారైన వస్తువు ఎవరిది? రద్దయితే ఎంత శాతం ఇస్తారు? ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వడం మంచిది: సంతకం రోజు, నమూనా చూపించిన రోజు, ప్రదర్శన అయిన వారంలోపు. ‘మీకు పెద్ద గుర్తింపు వస్తుంది’ అని ఉచితంగా ఆడించకండి. మైదానంలో సెక్యూరిటీ మనిషికి జీతం ఇస్తూ డప్పు కొట్టేవాడికి సర్టిఫికెట్ ఇవ్వడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. మొత్తంలో పదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆఖరి పది రోజుల్లో దాని అవసరం వస్తుంది.

7. అనుమతులు, పాస్‌లు, బండ్లు

స్థలం యజమాని, పోలీసు, అగ్నిమాపక శాఖ, ట్రాఫిక్, వైద్యం, శబ్దం. ఈ ఆరుగురి పేర్లు, ఫోన్ నంబర్లు, దరఖాస్తు తేదీలు ఒకే పట్టికలో ఉంచండి. ఆటల రోజుల్లో పోలీసులు, అంబులెన్సులు అటే వెళ్తాయని గుర్తుంచుకుని, మీకు ఎంతమందిని ఇవ్వగలరో రాతలో అడగండి. “చూస్తాం” అంటే సున్నా అని రాసుకుని సొంత ఏర్పాటు చేసుకోండి.

బండ్ల సంగతి నా అనుభవంలోంచి చెప్తాను. ఒక కార్యక్రమానికి వాద్యాల లారీకి పాస్ తెచ్చాం. పాస్ మీద బండి నంబర్ అచ్చయింది. ఆ ఉదయం లారీ చెడిపోతే డ్రైవర్ తెలివిగా ఇంకో లారీలోకి సామాను ఎక్కించి సమయానికే వచ్చాడు. బారికేడ్ దగ్గర కుర్రాడు పాస్ చూశాడు, నంబర్ ప్లేటు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. తప్పు అతనిది కాదు. అతనికి చెప్పింది అదే. చివరికి పద్నాలుగు డ్రమ్ములు తొమ్మిది వందల మీటర్లు మనుషుల చేతుల మీద వచ్చాయి. వాయించేవాళ్లు వేదిక ఎక్కేసరికి వాళ్ల చేతులు వణుకుతున్నాయి. అప్పటినుంచి ప్రతి పాస్‌కి ‘ప్రత్యామ్నాయ వాహనం’ కింద రెండో నంబర్ కూడా నమోదు చేయిస్తాను. కుదరదంటే, బండికి కాకుండా సంస్థ పేరు మీద పాస్ అడుగుతాను. అదీ కుదరదంటే సామాను ముందు రోజు రాత్రే లోపలికి చేరుస్తాను, కాపలాకి ఇద్దర్ని పెడతాను.

8. ప్రదర్శన రోజు

ఏది ఎప్పుడు జరగాలో చెప్పే రన్ షీట్ ఒక్క పేజీ ఉండాలి. నిమిషాల లెక్కలో. ఎవరు మొదలుపెడతారు, ఎవరు ఆపుతారు అన్నది పైనే పెద్ద అక్షరాల్లో రాయండి. గాలి ఎంత వేగానికి చేరితే స్టేజీ ఖాళీ చేయాలో స్టేజీ కట్టినవాళ్ల దగ్గర ముందే తీసుకోండి. ఆ అంకె దాటితే చర్చ వద్దు.

నిలబడి చూసే జనానికి చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున స్థలం లెక్క వేసుకోండి. నలుగురైదుగురు దాటితే తొక్కిడి ప్రమాదం మొదలవుతుంది. ముందు వరసలో ఒకర్ని నిలబెట్టి జనాన్ని చూడమనండి, స్టేజీని కాదు.

ఇంకో చిన్న జాగ్రత్త: ఆ సాయంత్రం ఏదైనా ఫైనల్ ఉంటే అది సాగిందనుకుని అరగంట వెసులుబాటు పెట్టుకోండి. ఒకసారి అదనపు సమయంలోకి వెళ్లిన మ్యాచ్ వల్ల మా ప్రేక్షకులంతా ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. మేకప్ వేసుకున్న నర్తకులు వేదిక వెనక నిలబడి వాళ్లూ ఫోన్ చూస్తున్నారు. మ్యాచ్ అయ్యాకే మొదలుపెట్టాం, అదే మంచిదైంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పెద్ద పట్టణంలోనే అన్నీ పెట్టేసి దాన్ని ‘ప్రాంతీయ’ కార్యక్రమం అనడం. ప్రారంభోత్సవం బృందాలు మీ వాలంటీర్లని లాక్కుపోతాయని ఊహించకపోవడం. వీల్‌చైర్ దారి, సైగల భాష అనువాదం చివరి వారం గుర్తుకు రావడం. ఉచితం కాబట్టి జనం వస్తారనుకోవడం. ఉచిత టికెట్లు తీసుకున్నవాళ్లలో చాలామంది రారు, కాబట్టి టికెట్లు ఇచ్చిన సంఖ్యను ప్రేక్షకుల సంఖ్యగా రాసుకోవద్దు.

పని ఫలించిందో లేదో చూసుకోవడం

జనాన్ని కంటి అంచనాతో లెక్కపెట్టకండి, ప్రతివాడూ రెట్టింపు చెప్తాడు. 1960లలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం అధ్యాపకుడు చూపిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. జనం నిండిన స్థలం చదరపు అడుగుల్లో కొలవండి. వదులుగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దగ్గరగా ఉంటే 4.5 చదరపు అడుగులు. 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న చోటు నిండితే వదులుగా 600 మంది, దట్టంగా 1,300 మంది. మీ విలేకరి మిత్రుడు పదివేలని రాస్తానంటే వద్దనండి.

అంకెలతో పాటు మూడు విషయాలు కనుక్కోండి. వచ్చినవాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారు? బయటికి వెళ్తున్న వంద మందిని అడిగితే చాలు. కళాకారులందరికీ డబ్బు చేరిందా? చివరి విడత ఎన్ని రోజులకు చేరిందో రాసుకోండి. ఏడాది తర్వాత వాటిలో ఏది ఇంకా నడుస్తోంది? దీనికి క్యాలెండర్‌లో ఇప్పుడే తేదీ పెట్టండి, ఎందుకంటే అప్పటికి మీ ఆఫీసు మూసేసి ఉంటుంది.

వస్తువులు మిగిలితే వాటి సంగతి ముందే తేల్చండి. బర్మింగ్‌హామ్ 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో నడిచిన యాంత్రిక ఎద్దును తాత్కాలికంగానే కట్టారు. జనం ఉంచమన్నారు. 2023లో దాన్ని న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో నిలబెట్టారు. బయట ఆడించడానికి కట్టినదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టాలంటే మరమ్మతు, స్థలం, కరెంటు అన్నీ మళ్లీ చూసుకోవాలి. మీ దగ్గర అలాంటిది ఒకటి తయారవుతుంటే, ముగింపు రోజు తర్వాత దాన్ని ఎక్కడ దించుతారో, గోదాము అద్దె ఎవరు కడతారో ఒప్పందంలోనే రాయించండి. ఫైళ్లు, ఫొటోలు, ఒప్పందాల నకళ్లు ఒక పెట్టెలో పెట్టి స్థానిక గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.